రక్తంలో సంచరించే ఎండోథీలియల్ కణాలు (హృదయ ధమనుల జబ్బులో)

రక్తనాళాల లోపలి గోడను ఒకే వరుసగా కప్పి ఉంచే కణాల పొర ఎండోథీలియం. ఆ గోడ నుంచి ఊడిపోయి రక్తంలో తిరుగాడే కణాలకు హృదయ ధమనుల జబ్బులో ప్రత్యేక ప్రాధాన్యం ఉంది. ఆరోగ్యవంతుల రక్తంలో ఇవి మిల్లీలీటరుకు వేళ్లమీద లెక్కపెట్టేన్ని మాత్రమే ఉంటాయి. గుండెపోటు వచ్చినవారిలో పెరుగుతాయి. హైదరాబాద్ పాతబస్తీకి ఈ విషయంతో ఉన్న సంబంధం స్టెంట్ (ధమనిని తెరిచి ఉంచే లోహపు జాలీ గొట్టం) ద్వారా ఏర్పడింది.

గుర్తింపు

వీటిని మొదట చూసినవారెవరన్న విషయంలో ఏకాభిప్రాయం లేదు. 1970లో బువియే ప్రచురించిన పరిశీలనను కొందరు మొదటిదిగా చెబుతారు. ఎలుకల మీద ప్రయోగాలతో 1973లో లెక్కింపు పద్ధతిని ముందుకు తెచ్చిన హ్లాదోవెత్స్‌కు కొందరు ఆ గౌరవం ఇస్తారు. అప్పట్లో కణాలను ఆకారం చూసి పోల్చుకోవడమే దారి కాబట్టి, ఆ నాటి అంకెలను ఇప్పటివాటితో పోల్చకపోవడం మేలు. నమ్మదగిన లెక్క 1990ల ఆరంభంలో ఫ్రాన్స్‌లోని మార్సెయ్ బృందంతో మొదలైందనడమే సమంజసం.

ఆ బృందం సీడీ146 అనే ఉపరితల ప్రొటీన్‌ను పట్టుకునే యాంటీబాడీని సూక్ష్మమైన అయస్కాంత పూసలకు అంటించింది. పూసలను రక్తంలో కలిపి, గొట్టాన్ని అయస్కాంతం పక్కన నిలబెడితే పూసలు అంటుకున్న కణాలు గోడకు చేరతాయి. మిగతా రక్తాన్ని కడిగేసి, రంగు వేసి, సూక్ష్మదర్శిని కింద లెక్కిస్తారు. పది మైక్రాన్లకు పైబడి, చుట్టూ కనీసం నాలుగైదు పూసలు అంటిన కణాన్నే సాధారణంగా లెక్కలోకి తీసుకుంటారు. రక్తం తీసేటప్పుడు మొదటి గొట్టాన్ని పారబోస్తారు. సూది గుచ్చినప్పుడు సిర గోడ నుంచే కొన్ని కణాలు గీసుకుని వస్తాయి. వాటిని జబ్బు ఖాతాలో వేయకూడదు. కణాలను లేజర్ కాంతిలో ఒక్కొక్కటిగా దాటించి లెక్కించే ఫ్లో సైటోమెట్రీతో కొలిస్తే సంఖ్య తరచూ ఎన్నో రెట్లు ఎక్కువగా వస్తుంది. కొన్ని టీ కణాల (ఒక రకం తెల్ల రక్తకణాల) మీద కూడా సీడీ146 ఉండటం అందుకు కొంత కారణం కావచ్చు.

గుండెపోటులో

1999లో ముతాన్, దిన్యా-జార్జ్, సాంపోల్ తదితరులు ప్రచురించిన పరిశీలన ఈ రంగంలో మైలురాయి. గుండెపోటు, అస్థిర ఛాతీనొప్పి ఉన్నవారిలో ఈ కణాలు ఎక్కువగా కనిపించాయి. శ్రమపడినప్పుడు మాత్రమే నొప్పి వచ్చేవారిలో, ఆరోగ్యవంతుల్లో దాదాపు లేవు. ధమనిలో పూడిక ఉన్నంత మాత్రాన కణాలు ఊడవనీ, లోపొర దెబ్బతిన్నప్పుడే ఊడతాయనీ దీన్నిబట్టి అర్థమవుతుంది. 2012లో అమెరికాలోని స్క్రిప్స్ బృందం తీవ్ర గుండెపోటుతో చేరిన 50 మందినీ, 44 మంది ఆరోగ్యవంతులనూ పోల్చింది. మధ్యగత సంఖ్య రోగుల్లో మిల్లీలీటరుకు 19, ఆరోగ్యవంతుల్లో 4. రోగుల కణాలు పెద్దవిగా, కొన్ని ఒకటికి మించిన కేంద్రకాలతో ఉన్నాయి. ఈ తేడాను సంఖ్యకన్నా విలువైన ఆధారంగా తీసుకోవచ్చు.

1997లో అసహారా బృందం ప్రకటించిన ఎండోథీలియల్ పూర్వకణాలు వేరు. అవి గోడను మరమ్మతు చేయగలవన్న ఆశ కలిగించాయి. ఆ పేరుతో పెంచిన కణాల్లో చాలావరకు తెల్ల రక్తకణాల జాతివేనని తర్వాతి పరిశోధనల్లో తేలింది.

కంచన్‌బాగ్ స్టెంట్

పూడిన ధమనిని తెరిచే యాంజియోప్లాస్టీలో బెలూన్ ఉబ్బించినప్పుడు పూడికతో పాటు లోపొర కూడా చిట్లుతుంది. యాంజియోప్లాస్టీ తర్వాత రక్తంలో ఈ కణాలు పెరుగుతాయని మార్సెయ్ బృందం 1992లోనే చూపింది. స్టెంట్ తీగల మీదికి కొత్త ఎండోథీలియం పాకేదాకా గడ్డకట్టే ప్రమాదం ఉంటుంది. మందు పూసిన స్టెంట్లలో ఆ పెరుగుదల ఇంకా ఆలస్యమవుతుంది. ఆస్పిరిన్‌తో పాటు రక్తాన్ని పలచబరిచే మరో మాత్రను నెలల తరబడి వాడమనేది ఇందుకే.

దేశీయంగా తక్కువ ధరకు తయారైన కలాం–రాజు స్టెంట్ ఏ.పి.జె. అబ్దుల్ కలాం, హృద్రోగ నిపుణుడు భూపతిరాజు సోమరాజుల కృషి. దీనికి కంచన్‌బాగ్‌తో లంకె రక్షణ ప్రయోగశాలల ద్వారా కుదిరింది. పాతబస్తీ ఆగ్నేయపు అంచున ఉన్న కంచన్‌బాగ్‌లో రక్షణ లోహ పరిశోధనాశాల, క్షిపణుల ప్రయోగశాల ఉన్నాయి. 1982 నుంచి కలాం నాయకత్వం వహించింది రెండోదానికే. స్టెంట్ తయారైన ఏడాదిని 1998 అని ఎక్కువచోట్ల రాస్తారు. 1990ల మధ్య కాలమని చెప్పేవారూ ఉన్నారు. రూపకల్పన, పరీక్షలు, వాడకం ఒకే ఏడాదిలో జరిగేవి కావు గనుక 1990ల రెండో సగం అనడం సబబు. అప్పటికి కలాం ఢిల్లీలో రక్షణ మంత్రికి శాస్త్రీయ సలహాదారు (1992–99). స్టెంట్ ధరల సమస్య మాత్రం ఆ తర్వాతా కొనసాగింది. 2017 ఫిబ్రవరిలో కేంద్రం మందు లేని స్టెంట్‌కు రూ. 7,260, మందు పూసినదానికి రూ. 29,600 గరిష్ఠ ధరగా నిర్ణయించింది.

ప్రస్తుత స్థితి

గుండెపోటు నిర్ధారణకు ఈ కణాల లెక్కింపు ఇంకా వైద్యుల రోజువారీ పరీక్షల్లో చేరలేదు. పద్ధతికీ పద్ధతికీ అంకెలు కుదరకపోవడం ప్రధానమైన అడ్డంకి. ఛాతీనొప్పితో వచ్చినవారికి ఆసుపత్రుల్లో నేటికీ ముందుగా చేసేవి ఈసీజీ, ట్రోపోనిన్ పరీక్షలే.