పదహారేళ్ల కుర్రాడికి చోటిచ్చిన వాళ్లు

నేను ఉద్యోగరీత్యా మాంచెస్టర్ వచ్చింది 1994లో. అప్పటికి నాకు తెలిసిన ఆట క్రికెట్ ఒక్కటే. ఇక్కడ పుట్టి పెరిగిన మా అబ్బాయికి మాత్రం ఫుట్‌బాలే లోకం. తొమ్మిదో ఏట ఈ చుట్టుపక్కల ఒక క్లబ్ అకాడమీలో చోటు దొరికింది. ఏడేళ్లపాటు వారానికి మూడు సాయంత్రాలు, ఆదివారం ఉదయాలు వాణ్ణి కారులో తిప్పాను. వాడు వానలో ఆడుతుంటే, కారులో పులిహోర డబ్బా పెట్టుకుని కూర్చునేవాణ్ణి. పదహారో ఏట క్లబ్ వాళ్లు మర్యాదగా పిలిచి, ఇక రానక్కర్లేదని చెప్పారు. ఇంటికి చేరేదాకా వాడు ఒక్క మాట మాట్లాడలేదు. "పోనీలే నాన్నా, ఇక చదువు మీద దృష్టి పెట్టు" అన్నాను. ఓదార్చాననుకున్నాను. ఏడేళ్ల కష్టాన్ని ఒక్క మాటతో తీసిపారేశానని వాడి మొహం చూశాక తెలిసింది.

ఆ తరువాతే ఈ ఊరి ఫుట్‌బాల్ చరిత్ర చదవడం మొదలుపెట్టాను. ఇంతమంది పిల్లల్లో ఒక్కడు పెద్ద జట్టులోకి ఎలా చేరతాడన్నదే నా ప్రశ్న.

1941 మార్చిలో జర్మన్ బాంబులకు మాంచెస్టర్ యునైటెడ్ వారి ఓల్డ్ ట్రాఫర్డ్ మైదానం ధ్వంసమైంది. 1949 దాకా సొంత గడ్డ మీద ఆడే భాగ్యం ఆ క్లబ్‌కు లేదు. 1945లో మేనేజర్‌గా వచ్చిన మాట్ బస్బీ, పేరున్న ఆటగాళ్లను కొనడం మీదే ఆధారపడకుండా, బడి పిల్లలను చేరదీసి పెంచే దారి పట్టాడు. సహాయకుడు జిమ్మీ మర్ఫీ వాళ్లకు దగ్గరుండి ఆట నేర్పాడు. దూరపు ఊళ్ల పిల్లలు క్లబ్ కుదిర్చిన ఇళ్లలో అద్దెకుంటూ ఆడేవారు.

అలా వచ్చినవాడే డడ్లీ పట్టణపు డంకన్ ఎడ్వర్డ్స్. 1953 ఏప్రిల్ 4న కార్డిఫ్ సిటీ మీద తొలిసారి పెద్ద జట్టుకు ఆడాడు. అప్పటికి వాడి వయసు 16 ఏళ్ల 185 రోజులు. ఆ మ్యాచ్‌లో యునైటెడ్ 1-4 తేడాతో ఓడిపోయింది! మన ఇళ్లలో అయితే "తొందరపడ్డాం" అనేవాళ్లం. బస్బీ అలా అనుకోలేదు. ఆ ఏడాది చివరికల్లా ఆ కుర్రాడు పెద్ద జట్టులో స్థిరపడ్డాడు. 1955 ఏప్రిల్‌లో, పద్ధెనిమిదేళ్ల వయసులో ఇంగ్లండ్ జాతీయ జట్టుకు ఆడాడు. నాకు బాగా నచ్చిన విషయం ఏమిటంటే, దేశానికి ఆడివచ్చిన అదే నెలలో వెనక్కి వెళ్లి తన ఈడు పిల్లలతో కలిసి యూత్ కప్ ఫైనల్ కూడా ఆడాడు.

1956, 1957 సంవత్సరాల్లో ఈ కుర్రాళ్ల జట్టు వరుసగా లీగ్ గెలిచింది. 1958 ఫిబ్రవరి 6న మ్యూనిక్ విమాన ప్రమాదం వాళ్లను కబళించింది. చనిపోయిన 23 మందిలో 8 మంది ఆటగాళ్లు. ఎడ్వర్డ్స్ పదిహేను రోజులు మృత్యువుతో పోరాడి, 21 ఏళ్ల వయసులో కన్నుమూశాడు.

ప్రమాదం జరిగిన పదమూడో రోజున మళ్లీ మ్యాచ్. బస్బీ ఇంకా జర్మనీ ఆసుపత్రిలోనే ఉన్నాడు. ఎవరు ఆడతారో తెలియక, అచ్చువేసిన కార్యక్రమ పత్రంలో యునైటెడ్ ఆటగాళ్ల పేర్ల చోటు ఖాళీగా వదిలేశారు. ఆ ఖాళీల్లో ఒకదానిలోకి వచ్చినవాడు షే బ్రెనన్, ఇరవై ఏళ్ల కుర్రాడు. పెద్ద జట్టుకు అదే మొదటి ఆట. రెండు గోల్స్ కొట్టాడు, జట్టు 3-0తో గెలిచింది. ఎన్నాళ్లుగానో కోరుకున్న చోటు, నిన్నటి స్నేహితుడి చావుతో దక్కితే ఆ పిల్లాడి మనసు ఎలా ఉండి ఉంటుందో! పదేళ్ల తరువాత, 1968లో యూరోపియన్ కప్ గెలిచిన జట్టులోనూ అతనున్నాడు.

2016 ఫిబ్రవరి 25 రాత్రి మా అబ్బాయి, నేను టీవీ ముందు కూర్చున్నాం. ఆటకు ముందు వార్మప్‌లో ఆంథొనీ మార్షియల్‌కు కాలు పట్టేసింది. అతని బదులు మార్కస్ రాష్‌ఫర్డ్ అనే పద్ధెనిమిదేళ్ల అకాడమీ కుర్రాణ్ణి దింపారు. మిడ్‌జుల్లాండ్ మీద రెండు గోల్స్ కొట్టాడు. మూడు రోజులకు ఆర్సెనల్ మీద మరో రెండు! "ఆ కాలు పట్టకపోయి ఉంటే, నాన్నా?" అన్నాడు మావాడు. రాష్‌ఫర్డ్ వాడి ఈడువాడే. నా దగ్గర జవాబు లేదు.

ఎడ్వర్డ్స్ పుట్టిన 1936లోనే సికింద్రాబాద్ పక్కన అమ్ముగూడలో ఒక పేద ఇంట తులసీదాస్ బలరాం పుట్టాడు. అక్కడ అకాడమీ లేదు, అద్దె గదులు లేవు. ఉన్నది ఒక్క రహీం సాబ్. వృత్తిరీత్యా ఉపాధ్యాయుడైన సయ్యద్ అబ్దుల్ రహీం తీర్చిదిద్దిన హైదరాబాద్ సిటీ పోలీసు జట్టు 1950 నుంచి 1954 వరకు వరుసగా ఐదుసార్లు రోవర్స్ కప్ గెలిచింది. హైదరాబాద్ వచ్చి ఆడమని ఆయన పిలిస్తే, రానూపోనూ ఖర్చులకు డబ్బు లేదన్నాడు బలరాం. అద్దె సైకిలుకని రహీం రోజుకో రూపాయి ఇచ్చారని బలరామే తరువాత చెప్పుకున్నాడు. ఆ సైకిలు మీద వచ్చిన కుర్రాడు 1956లో మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం పొందిన భారత జట్టులో ఉన్నాడు. 1962లో జకార్తా ఆసియా క్రీడల్లో స్వర్ణం గెలిచిన జట్టులోనూ ఉన్నాడు. అనారోగ్యం వల్ల ఇరవైల్లోనే ఆట మానాల్సి వచ్చింది. 2023 ఫిబ్రవరిలో కోల్‌కతాలో కన్నుమూశాడు.

ఇవన్నీ చదివాక నాకు తోచింది ఒక్కటే. సిద్ధంగా ఉండటం పిల్లల వంతు. తలుపు తీయడం పెద్దల వంతు. మధ్యలో అదృష్టం ఆడే ఆట ఎవరి చేతిలోనూ లేదు. కాబట్టి తలుపు తెరుచుకోని పిల్లలు ఓడినవాళ్లు కారు. ఈ మాట ఆ రోజు కారులో మావాడికి చెప్పి ఉండాల్సింది. ఆలస్యంగానైనా చెప్పాను. వాడు నవ్వి ఊరుకున్నాడు. ఇప్పుడు ఉద్యోగం చేసుకుంటూ, శనివారాల్లో చిన్న పిల్లలకు ఆట నేర్పుతున్నాడు. కారులో కూర్చునే అలవాటు నాకింకా పోలేదు.

1937 అక్టోబర్ నుంచి యునైటెడ్ ఏ మ్యాచ్‌కు ఎంచిన జట్టులోనైనా తాము పెంచిన కుర్రాడు ఒక్కడైనా ఉంటూ వచ్చాడు. 2019 డిసెంబర్‌లో ఆ లెక్క 4,000 మ్యాచ్‌లకు చేరింది. అది ఒక్క రోజు చేసిన సాహసం కాదు, తరాలుగా నిలుపుకున్న అలవాటు. రెండేళ్లకోసారి కలుసుకునే మనం, మన పిల్లల కార్యక్రమాన్ని అందరూ భోజనాల వరుసలో నిలబడే వేళకు పెడుతుంటాం. ఈసారి ప్రధాన వేదిక మీద, నిండు సభలో వాళ్లకో గంట ఇద్దామా? మొదటిసారి తడబడతారేమో. ఎడ్వర్డ్స్ మొదటి ఆట 1-4 అని గుర్తుంచుకుందాం.