తారల దుస్తులు – అట్టచీటీలు

అమ్మమ్మగారి పట్టుచీర ఒకచోట చినిగినచో, బాగున్న భాగమును కత్తిరించి మనుమరాండ్రకు పరికిణీలు కుట్టించుట మన యిండ్లలో వాడుక. అమెరికాలో నిట్టి కత్తిరింపే యొక వ్యాపారమైనది. కాని యచ్చట తిరిగి కుట్టువాడు లేడు. చలనచిత్ర తార తొడిగిన దుస్తును గోరంత ముక్కలుగా కోసి, ఆ తార బొమ్మ గల దళసరి అట్టచీటిలో చిన్న గవాక్షము చేసి, ఒక్కొక్క ముక్కను అందమర్చి విక్రయింతురు.

పూర్వము సిగరెట్టు పెట్టెలలో తారల బొమ్మచీటీలు వచ్చుచుండెడివి. జనులు బొమ్మతోనే తృప్తి చెందిరి. 1996లో ప్రెస్ పాస్ సంస్థ పందెపు కార్ల చక్రముల రబ్బరు ముక్కలను చీటీలలో పెట్టెను. 1997లో అప్పర్ డెక్ సంస్థ బేస్‌బాల్ ఆటగాండ్ర చొక్కాలను కోసెను. పిమ్మట సినిమావారి వంతు వచ్చెను.

ఆ దుస్తుల పూర్వచరిత్ర వినదగినది. హాలీవుడ్డు స్టూడియోలు వానిని పనిముట్లుగానే చూచెను. ఒక చిత్రమున నాయిక ధరించిన గౌనును కొలతలు మార్చి వేఱొక చిత్రమున చిన్నపాత్రకు తొడిగించుచుండిరి. లోపలి పట్టీపై నటి పేరు వ్రాసి కుట్టుట యాచారము; నేడు నిజానిజములు తేల్చువారికి ఆ పట్టీ గొప్ప సాక్ష్యము. 1970 మే నెలలో మెట్రో గోల్డ్విన్ మేయర్ సంస్థ తన కొట్లలోని సామగ్రిని వేలము వేయించెను. 1939 నాటి ‘ది విజర్డ్ ఆఫ్ ఓజ్’ చిత్రపు ఎఱ్ఱని పాదరక్షల జత యొకటి 15,000 డాలర్లకు పోయెను. అట్టిదే మఱియొక జత 2024 డిసెంబరులో 2 కోట్ల 80 లక్షల డాలర్ల పాట పలికినది!

డెబ్బీ రెనాల్డ్స్ అను నటి 1970 వేలములో ఎన్నో దుస్తులు కొని, ప్రదర్శనశాల నెలకొల్పవలెనని దశాబ్దములు పాటుపడెను. అది నిలువలేదు. 2011 జూనులో ఆమె సొత్తు వేలమైనది. మార్లిన్ మన్రో తెల్లగౌను ఒక్కటే 46 లక్షల డాలర్ల పాట పలికెను. అంత వెలగల గౌనును కోయుటకు ఎవ్వరు సాహసింతురు? కత్తెర పడునది సామాన్యపు వెలగల దుస్తులపైననే యని మనము తలతుము. అది నిజము కాదు. బేబ్ రూత్ అను ప్రఖ్యాత ఆటగాని 1925 నాటి చొక్కాను డాన్రస్ సంస్థ రెండున్నర లక్షల డాలర్లకు పైగా వెచ్చించి కొని, కోసివేసెను. ఎందఱో అభిమానులు మొఱపెట్టిరి. ఆ సంస్థయే 2007లో ‘అమెరికానా’ యను పేర సినిమా తారల చీటీలను వెలువరించెను.

సంస్థవారి వాదము వేఱు: ధనికుని బీరువాలో నుండునది వేలమందికి అందినదని. ఆ మాట కొట్టివేయదగినది కాదు. కాని పేరు గల పట్టీ ఏదో యొక్క ముక్కతోనే పోవును. తక్కిన ముక్కలకు చీటి వెనుక కంపెనీ అచ్చువేసిన హామీయే యాధారము. కొన్నింటిపై ఆ గుడ్డ ఏ చిత్రము నాటిదో కూడ ఉండదు.