పటం పట్టిన పరుగు

సాహస పందేల చరిత్ర అనగానే చాలామంది టీవీలో చూసిన పదిరోజుల అడవి పోటీలనే తలుచుకుంటారు. నిజానికి అవి నడుమ వచ్చిన హడావిడి. పరుగు, సైకిలు, పడవ మూడూ ఒకే రోజులో ముగించే పోటీలే ఈ ఆటను ఇవాళ్టికీ నిలబెడుతున్నాయి. అందులో కండబలం సగమే. మిగతా సగం దారి పోల్చుకోవడం.

ఆ సగానికి వేరు ఉత్తర ఐరోపా సైన్యాల్లో ఉంది. మ్యాపు చూసి అడవి దాటడం స్వీడన్, నార్వే సిపాయిలకు నేర్పే విద్య. 1897 అక్టోబర్ 31న నార్వేలో దాన్ని మామూలు జనానికి పోటీగా పెడితే బరిలోకి దిగింది ఎనిమిది మంది. మరో ఇరవై ఏళ్లకు స్టాక్‌హోంలో మేజర్ ఎర్నస్ట్ కిల్లాండర్, మైదానం చుట్టూ పరుగంటే కుర్రాళ్లకు మొహం మొత్తిందని గమనించి, చేతికి మ్యాపు, దిక్సూచి ఇచ్చి అడవిలోకి తోలాడు. 1930లలో స్వీడన్‌లోనే సిల్వా దిక్సూచి వచ్చింది. అడుగున పారదర్శకమైన పలక, దానిమీద తిరిగే డయలు. మ్యాపుమీద పెట్టి అక్కడికక్కడే దిశ తీసుకోవచ్చు. 1976లో ఆస్ట్రేలియావాళ్లు ఇదే ఆటను 24 గంటల జట్టు పోటీగా మార్చి రోగైనింగ్ అన్నారు.

ఈ పరుగుకు సైకిలూ పడవా కలిసింది న్యూజిలాండ్‌లో. రాబిన్ జడ్కిన్స్ అనే ఆయన 1983లో 79 మందితో కోస్ట్ టు కోస్ట్ మొదలుపెట్టాడు. దక్షిణ దీవిలో పడమటి ఒడ్డున కుమారా బీచ్‌లో బయల్దేరి, కొండలు దాటి, తూర్పు సముద్రం చేరాలి. మొత్తం 243 కిలోమీటర్లు. మొదట్లో రెండు రోజుల పోటీ. 1987లో అంతా ఒక్క రోజులో ముగించే విభాగం వచ్చాక దాని పేరు మోగిపోయింది. 1994లో కీత్ ముర్రే 10 గంటల 34 నిమిషాల్లో పూర్తిచేశాడు.

ఈ పోటీలో మ్యాపు పట్టుకుని వెతికే పని పెద్దగా లేదని కొట్టిపారేసేవాళ్లున్నారు. నేను ఒప్పుకోను. గోట్ పాస్ మీదుగా 30 కిలోమీటర్లకు పైబడ్డ కొండపరుగులో చాలామేర బాటే ఉండదు. డిసెప్షన్ నదిలో బండరాళ్ల మీదుగా, ఈ గట్టునుంచి ఆ గట్టుకు మళ్లీ మళ్లీ దాటుతూ పోవాలి. ఎక్కడ దాటాలో తెలిసినవాడు ముందుంటాడు. ఆ తర్వాత వైమకరిరి నదిలో దాదాపు 70 కిలోమీటర్ల కయాక్. ఆ నది గులకరాళ్ల మేటల మధ్య పాయలు పాయలుగా చీలిపోతుంది. నీళ్లు నిండుగా ఉన్నాయని నమ్మి ఓ పాయలోకి దూరితే, నాలుగు మలుపులు తిరిగేసరికి అడుగు రాళ్లకు తగులుతుంది. ఇక దిగి పడవ ఈడ్చుకోవడమే.

1989లో ఫ్రెంచి పాత్రికేయుడు జెరార్ ఫ్యూజిల్ అదే న్యూజిలాండ్‌లో రెయిడ్ గోల్వాజ్ అనే పోటీ నడిపాడు. జట్టుకు అయిదుగురు, అందులో కనీసం ఒక మహిళ, రోజుల తరబడి ప్రయాణం. ఊపిరితిత్తులు నమ్ముకున్న ఆటకు సిగరెట్ బ్రాండు పేరు! తర్వాతి ఏళ్లలో ఆ రెయిడ్‌లో పాల్గొన్న మార్క్ బర్నెట్ 1995లో అమెరికాలోని యూటాలో ఎకో-ఛాలెంజ్ పెట్టి ఆటను టీవీకెక్కించాడు. దానికి మూల్యమూ ఉంది. 2000లో బోర్నియోలో జరిగిన పోటీ తర్వాత, విచారణకు దొరికిన 189 మందిలో 80 మందికి లెప్టోస్పైరోసిస్ అనే జబ్బు లక్షణాలు తేలాయి. సెగామా నదిలో ఈదడం ముఖ్య కారణమన్నారు. కోస్ట్ టు కోస్ట్‌ను తొమ్మిదిసార్లు గెలిచిన స్టీవ్ గర్నీ కూడా అంతకుముందు బోర్నియోలోనే ఇదే జబ్బు తెచ్చుకుని చావు అంచుదాకా వెళ్లొచ్చాడు. 2002 ఫిజీ పోటీతో ఎకో-ఛాలెంజ్ ఆగిపోయింది. 2019లో ఒకసారి మళ్లీ నడిచింది. ఎవరెస్ట్ ఎక్కిన మన కవల అక్కచెల్లెళ్లు తాషీ, నుంగ్షీ మలిక్ అందులో భారత జట్టుతో దిగారు.

కెమెరాలు వెళ్లిపోయినా ఒకరోజు పోటీలు ఆగలేదు. ఉద్యోగాలు చేసుకునేవాళ్లు శనివారం వచ్చి ఆడిపోయేవి అవే. మ్యాపులు ముందురోజు రాత్రో, ఆ ఉదయమో చేతికొస్తాయి. జీపీఎస్ మామూలుగా నిషేధం. సైకిల్ హ్యాండిల్‌కు బిగించిన చిన్న పలకమీద ప్లాస్టిక్ తొడుగులో మ్యాపు, బొటనవేలు ఇప్పుడున్న చోట. కంటూరు గీతలు దగ్గరదగ్గరగా ఉంటే నిట్టనిలువు గుట్ట. ఎక్కి దిగాలా, చుట్టుతిరిగి రావాలా? చుట్టుతిరిగినవాడే ముందు చేరడం అక్కడ మామూలు. పొదలో చెక్‌పాయింట్‌ను చూపే నారింజ, తెలుపు రంగుల గుడ్డ కనబడితే గుర్తు వేయించుకుని తర్వాతిదానికి పరుగు. ఆత్రంలో తప్పిన ఒక్క మలుపు గంటసేపటి కష్టాన్ని మింగేస్తుంది.

మన దగ్గర ఈ ఆట ఎదగకపోవడానికి బద్ధకం కారణం కాదు. వివరమైన మ్యాపులు చాలాకాలం సామాన్యుడికి సులువుగా అందలేదు. 2017లో సర్వే ఆఫ్ ఇండియా 1:50,000 స్కేలు మ్యాపులను ఆన్‌లైన్‌లో ఉచితంగా పెట్టింది. ఆ సంస్థ శిక్షణ కేంద్రం మన హైదరాబాద్ ఉప్పల్‌లోనే ఉంది. ఇక కాలేజీల క్రీడా విభాగాలు, ట్రెక్కింగ్ క్లబ్బులు అటవీశాఖ అనుమతి తీసుకుని, ఫోన్లు పక్కనపెట్టి, ఏడాదికొక్క ఆదివారమైనా ఇలాంటి పోటీ పెట్టాలి.