అంతర్జాలమునఁ దెలుఁగు వ్రాఁత: భావి పరిశోధన

భారతదేశమున సామాన్యులకు అంతర్జాలము 1995 ఆగస్టు 15న లభించెను. అంతకు ముందే, 1991లో, యూనికోడు తొలికూర్పున తెలుఁగు లిపికి 128 స్థానముల చోటు దక్కినది. అయినను మన పత్రికలు పెక్కు చిరకాలము సొంత ఫాంటులనే నమ్ముకొన్నవి. ఒకదానిలో 'క'కారమైన సంకేతము వేఱొకదానిలో మఱియొక యక్షరము. ఆ ఫాంటు లేనివారి తెఱపైఁ గనఁబడునది అర్థములేని గుర్తుల గుంపు.

ఇఁకమీఁద పాత వ్రాఁతలను వెదకి చూపునది, వాని సారము చెప్పునది యంత్రమే కానున్నది. దానికి దొరకనిది భావిపాఠకునకు లేనట్లే. చెదలు తినిన తాళపత్రమున మిగిలిన యక్షరములనైనఁ జదువవచ్చును. ఇచ్చట పుట చెక్కుచెదరకున్నను జదువరాదు. 'పద్మ' యను సాధనము కొన్ని ఫాంటుల వ్రాఁతను యూనికోడునకు మార్చినది గాని, ఏ సంకేతమున కే యక్షరమో తెలుపు పట్టిక యున్నచోటనే యది సాధ్యము. తాళపత్రముల పాఠాంతరములకై యింత శ్రమించు మన పరిశోధకులు ఈ పట్టికల సేకరణమును తమ పనిగా నెంచకుండుట మాకు వింతగాఁ దోఁచుచున్నది.