డోనా ఓమాలీ

డోనా ఓమాలీ (18 జనవరి 1921 – 10 మార్చి 1968) ఐర్లాండ్‌లో ఉచిత మాధ్యమిక విద్యకు బాటవేసిన ఫియన్నా ఫాయిల్ పార్టీ రాజకీయవేత్త. లిమరిక్‌లో జన్మించి, గాల్వేలో ఇంజనీరింగ్ చదివాడు. 1954లో లిమరిక్ ఈస్ట్ నుంచి ఐరిష్ పార్లమెంటు దిగువ సభ డాయిల్‌కు ఎన్నికయ్యాడు. 1965లో ఆరోగ్యశాఖ, 1966 జులైలో విద్యాశాఖ చేపట్టాడు. ఆ ఏడాది సెప్టెంబరు 10న పాత్రికేయుల సభలో ఉచిత విద్యా పథకాన్ని ప్రకటించాడు. దానికి అప్పటికి మంత్రివర్గ ఆమోదం లేదు. ఆర్థికమంత్రి జాక్ లించ్ అభ్యంతరపెట్టినా పథకం 1967 సెప్టెంబరులో మొదలైంది. దూరప్రాంత విద్యార్థులకు ఉచిత బస్సులూ నడిచాయి. మాధ్యమిక పాఠశాలల్లో చేరికలు వేగంగా పెరిగాయి. డబ్లిన్‌లోని ట్రినిటీ కళాశాలను, యూనివర్సిటీ కళాశాలను విలీనం చేయాలన్న అతని ప్రతిపాదన మాత్రం కార్యరూపం దాల్చలేదు. పదవిలో ఉండగానే 47వ ఏట మరణించాడు. ఖాళీ అయిన స్థానాన్ని అన్న కొడుకు డెస్మండ్ ఓమాలీ ఉపఎన్నికలో గెలిచాడు.