పగిలిన కుండ, రాయని చరిత్ర

సారా మీద రాతలకు మన దగ్గర కొదవ లేదు. కాంట్రాక్టర్ల లాభాల మీద రాశారు. ఖజానా రాబడి మీద రాశారు. తాగి చెడిన సంసారాల మీద రాశారు. సారా కాచిన మనిషి గురించి రాసింది మాత్రం తక్కువ. ఆ మనిషి రికార్డులోకి ఎప్పుడొస్తుంది? కుండ పగిలినప్పుడు, పట్టుబడ్డప్పుడు. పని సక్రమంగా సాగినన్నాళ్లు ఆమెకు చరిత్ర లేదు. ఏదో ఒకటి చెడితేనే ఆమె పేరు కాగితం ఎక్కుతుంది. అదీ ముద్దాయిగా.

మా అవ్వ చెప్పిన సంగతితో మొదలుపెడతాను. 1970ల మొదట్లో మా వాడలో ఒక ఇంట్లో పెద్దమనిషి పోయాడు. దినాలకు వచ్చే చుట్టాలకు సారా పోయాలి, అది ఆనవాయితీ. ప్రభుత్వం వేలం వేసిన దుకాణంలో కొనే శక్తి లేదు. నల్లబెల్లం, తుమ్మచెక్క, పటిక కుండలో నానేసి వారం ఉంచారు. పానకం పొంగి, నురగ అణిగాక రాత్రిపూట పొయ్యి మీదికెక్కించారు. కాచేది మా అవ్వ అత్త. మంట చూసేది అవ్వ.

ఆ రాత్రి రెండు తప్పులు జరిగాయి. ఒకే కాపులో ఒడవాలని కుండ నిండా పోశారు. కట్టెలు తడిసి మండకపోతే అవ్వ ఎండు తాటాకు తోసింది. మంట ఒక్కసారి ఎగిసింది. పానకం నురగ లేచి వెదురు గొట్టంలోకి ఎక్కి దారి మూసింది. ఆవిరి పోయే తోవ లేక కుండ మూతికి మెత్తిన మట్టి పగిలింది. మరిగే పానకం అవ్వ కుడిచేతి మీద పడింది. "మంట నాది, కుండ ఆమెది. ఎవ్వల్ని తిట్టుకోవాలె?" అనేది అవ్వ. కాలిన చేతికి కలబంద పెట్టారు గాని దవాఖానకు పోలేదు. ఎట్ల కాలిందని అడిగితే ఏం చెప్పాలి?

వాసన ఊరంతా పోయింది. పొద్దున్నే ముందుగా వచ్చింది కాంట్రాక్టరు మనుషులు, వాళ్ల వెనక ఆబ్కారీ జవాన్లు. మిగిలిన కుండలు పగలగొట్టి, పానకం వాకిట్లో పారబోశారు. జుర్మానా కట్టడానికి మేక అమ్మాల్సి వచ్చింది. కాలిన చేతి సంగతి ఎవరూ అడగలేదు.

ఇక్కడ రెండు విషయాలు గమనించాలి. మొదటిది, సారా కాయడం ఒక విద్య. సారం 78 డిగ్రీల దగ్గర ఆవిరవుతుంది, నీళ్లు నూరు దగ్గర. ఆ తేడాని పట్టుకోవడమే పని అంతా. కుండలో మూడో వంతు ఖాళీ ఉంచాలి, మంట సన్నగా ఉండాలి, పైన చల్లనీళ్లు మారుస్తూ ఉండాలి. థర్మామీటరు లేకుండా చేతితో, ముక్కుతో, నిప్పులో చుక్క వేసి చూసి తేల్చుకున్న ఆడవాళ్ల తెలివి ఇది. ఇదే పని ఫ్యాక్టరీలో చేస్తే రసాయన శాస్త్రం, వాడలో చేస్తే నేరం.

రెండోది, ఈ నేరం ఎట్లా పుట్టింది అన్నది. కుండ వెనక కాంట్రాక్టరు మనుషులు రావడం యాదృచ్ఛికం కాదు. గోదావరి ఏజెన్సీలో 1879 రంప ఫితూరీకి ఒక ముఖ్య కారణం కల్లు మీద పన్ను, ఇంటి వాడకానికి కల్లు గీసుకోవడం మీద ఆంక్ష. ఆ తర్వాత ఏడేళ్లకు, 1886లో మద్రాసు ఆబ్కారీ చట్టం వచ్చింది. నిజాం రాజ్యంలో 1316 ఫస్లీలో, అంటే 1906-07లో, హైదరాబాద్ ఆబ్కారీ చట్టం వచ్చింది. సర్కారు లైసెన్సు లేని బట్టీ దొంగబట్టీ అయ్యింది. 1968 ఆంధ్రప్రదేశ్ ఎక్సైజ్ చట్టం ఆ వారసత్వాన్నే కొనసాగించింది. 1980లలో 'వారుణి వాహిని' పేరుతో సర్కారే సారా ప్యాకెట్లను ఊరూరికి చేర్చింది.  ఖజానాకు చేరని సారా నేరమైంది.

అట్లాగని సారాని నెత్తికెత్తుకోవడం నా ఉద్దేశం కాదు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో రాజుకున్న ఉద్యమంలో ముందు నిలిచింది దళిత, వెనుకబడిన కులాల ఆడవాళ్లే. వాళ్ల పోరాటం వల్లే 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారా అమ్మకం ఆగింది. 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది, 1997లో దాన్ని సడలించారు. సీసా మళ్లీ చట్టబద్ధమైంది, కుండ మాత్రం కాలేదు. సారాని ఎదిరించిన మనిషీ వాడ నుంచే వచ్చింది, కాచి బతికిన మనిషీ వాడ నుంచే వచ్చింది. ఒక్కోసారి ఇద్దరూ ఒకే ఇంట్లో ఉన్నారు. "తాగి కొట్టెటోడు నా ఇంట్ల గూడ ఉండె" అని అవ్వే చెప్పింది. ఈ వైరుధ్యాన్ని దాచిపెట్టి రాసే చరిత్ర మనకు పనికిరాదు.

కల్తీసారా చావుల సంగతి కూడా చెప్పుకోవాలి. 2024 జూన్‌లో తమిళనాడు కళ్లకురిచ్చిలో అరవై మందికి పైగా చనిపోయారు. చంపింది మిథనాల్. అది పరిశ్రమల్లో వాడే రసాయనం. బెల్లం పులిస్తే అంత మోతాదులో పుట్టదు, ఎవరో తెచ్చి కలపాలి. ఇంటి సారా క్షేమమని దీనర్థం కాదు. నవసాగరం, యూరియా కలిపిన సారా ఒంటిని గుల్ల చేస్తుంది. కాని చావు జరిగిన ప్రతిసారీ వేలు ముందు వాడ వైపే చూపుతుంది. రసాయనం సరఫరా చేసినవాడి దాకా పోవడానికి ఆలస్యమవుతుంది.

విద్యార్థి మిత్రులకు, టీచర్లకు ఒక మాట. ఎక్సైజ్ కేసుల కాగితాలు చదివేటప్పుడు ఎన్ని లీటర్లు పారబోశారన్న లెక్క దగ్గర ఆగొద్దు. ఆ రోజు ఆ ఇంట్లో ఏం జరుగుతోంది, పెళ్లా, చావా, అప్పు కిస్తీనా అని అడగాలి. మన అవ్వలు, పెద్దమ్మలు ఉండగానే అడిగి రాసుకోవాలి. మా అవ్వ చేతి మీద మచ్చ ఏ పంచనామాలోనూ లేదు. పగిలిన కుండల సంఖ్య మాత్రం రాసుకుపోయారు.