క్యాన్సర్ చికిత్సతో వచ్చే గుండె జబ్బులు

క్యాన్సర్‌ను అదుపు చేసే కీమో మందులు, రేడియేషన్ గుండె కండరాన్నీ, రక్తనాళాల్నీ, గుండె లయనూ దెబ్బతీయడం వల్ల వచ్చే సమస్యలివి. వీటిని చూసే వైద్యశాఖను కార్డియో ఆంకాలజీ అంటారు. చికిత్స పనిచేసి రోగులు ఏళ్ల తరబడి బతకడం మొదలయ్యాక ఈ సమస్య ఎక్కువగా బయటపడింది. అంతకుముందు చాలామంది రోగులు గుండె చెడేదాకా ఉండేవారే కాదు.

ఈ చరిత్రలో తెలుగువాళ్లకు తెలిసిన పేరొకటి మొదట్లోనే తగులుతుంది. భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో తయారు చేయించిన అమినోప్టెరిన్‌ను వైద్యుడు సిడ్నీ ఫార్బర్ 1947లో లుకేమియా పిల్లలకు వాడాడు. 1948లో వెలుగు చూసిన ఆరియోమైసిన్ అనే యాంటిబయాటిక్ వెనకా సుబ్బారావు బృందం ఉంది. అది మట్టిలోని స్ట్రెప్టోమైసిస్ జాతి సూక్ష్మజీవి నుంచి వచ్చింది. తర్వాత గుండెకు ముప్పు తెచ్చిన మందుదీ అదే జాతి. ఇటలీలో కాస్టెల్ డెల్ మోంటె కోట దగ్గరి మట్టిలో దొరికిన సూక్ష్మజీవి నుంచి 1960ల్లో డౌనోరుబిసిన్, ఆ సూక్ష్మజీవి మార్పు చెందిన రకం నుంచి డాక్సోరుబిసిన్ వచ్చాయి. దగ్గర్లోని ఏడ్రియాటిక్ సముద్రం పేరుమీద రెండోదానికి ఏడ్రియామైసిన్ అని పేరు పెట్టారు. ఎర్రటి మందు, ఎక్కించిన రోజు మూత్రం కూడా ఎర్రబడుతుంది.

డౌనోరుబిసిన్ తీసుకున్న పిల్లల గుండెపై దాని చెడు ప్రభావాన్ని 1967లోనే వైద్యులు రాశారు. 1970ల్లో లెక్క తేలింది: డాక్సోరుబిసిన్ శరీర ఉపరితల వైశాల్యంలో చదరపు మీటరుకు మొత్తం 550 మిల్లీగ్రాములు దాటితే గుండె వైఫల్యం వచ్చే ప్రమాదం ఒక్కసారిగా పెరుగుతుంది. 2003లో వచ్చిన విశ్లేషణ ఆ హద్దునూ భద్రంగా ఉంచలేదు. 400 దగ్గరే నూటికి అయిదుగురికి, 550కి ఇరవై ఆరుగురికి గుండె వైఫల్యం వచ్చిందని అది చూపింది. రొమ్ము క్యాన్సర్‌కు మామూలుగా ఇచ్చే నాలుగు విడతలు కలిపితే 240 మాత్రమే కాబట్టి భయపడి మందు మానేయాల్సిన పని లేదు. లెక్క మాత్రం రాసి ఉంచాలి.

1998లో అమెరికాలో అనుమతి పొందిన రొమ్ము క్యాన్సర్ మందు ట్రాస్టుజుమాబ్ తీరు వేరు. ఆంత్రసైక్లిన్‌తో (డాక్సోరుబిసిన్ కుటుంబానికి ఆ పేరు) కలిపి ఇచ్చినవారిలో 27 శాతం మందికి గుండె పనితీరు తగ్గిందని 2001లో అచ్చయిన ప్రయోగం చెప్పింది. అయితే మందు ఆపితే చాలామందికి గుండె మళ్లీ కోలుకుంటుంది. రేడియేషన్ నెమ్మదిగా కొడుతుంది. రొమ్ము క్యాన్సర్‌కు కిరణాలిచ్చినప్పుడు గుండెకు చేరే ప్రతి గ్రే (రేడియేషన్ కొలత) మోతాదుకూ పెద్ద హృద్రోగ సంఘటనల ముప్పు 7.4 శాతం చొప్పున పెరుగుతుందని 2013లో స్వీడన్, డెన్మార్క్ స్త్రీలపై అధ్యయనం తేల్చింది. అందుకే ఇప్పుడు ఎడమ రొమ్ముకు కిరణాలిచ్చేటప్పుడు గాఢంగా ఊపిరి పీల్చి బిగపట్టించి, గుండెను కిరణాల దారి నుంచి పక్కకు తప్పిస్తారు.

జాగ్రత్త చికిత్సకు ముందే మొదలవుతుంది. బీపీ, షుగర్ అదుపులోకి తెచ్చి, ఎకో తీసి, గుండె ఒక్కో స్పందనకు బయటికి నెట్టే రక్తం శాతాన్ని రాసుకుంటారు. అది పది పాయింట్లు తగ్గి 50 కిందకు పడితే గుండె మందులు మొదలెడతారు. 2006లో ఇటలీలో జరిగిన ప్రయోగంతో ఎనలాప్రిల్ అనే బీపీ మందు గుండెను కాపాడుతుందన్న ఆశ కలిగింది. తర్వాతి ప్రయోగాల్లో ఆ ఫలితం అంత స్పష్టంగా నిలవలేదు. ఆలస్యం చేయకూడదన్నది మాత్రం నిలిచింది. 2010లో మిలాన్ వైద్యులు కీమో వల్ల గుండె దెబ్బతిన్న 201 మందిపై అధ్యయనం వెలువరించారు. కీమో ముగిసిన రెండు నెలల్లోపు గుండె మందులు మొదలైనవారిలో ఎక్కువమంది కోలుకున్నారు, ఆరు నెలలు దాటాక పూర్తిగా కోలుకున్నవారు లేరు.

నంద్యాల జిల్లా అవుకు లాంటి ఊళ్లలో చిక్కంతా ఈ ఆరు నెలల్లోనే. క్యాన్సర్ వైద్యం కోసం కర్నూలుకో హైదరాబాద్‌కో వెళ్లి వచ్చిన మనిషి ఆయాసపడితే నీరసమనుకుంటాడు, నాపరాయి గనిలో పనిచేసినవాడైతే దుమ్మనుకుంటాడు. రాత్రి వెల్లకిలా పడుకోలేకపోవడం, కాళ్లు వాయడం, మూడు రోజుల్లో బరువు పెరగడం గుండె సంగతి కావచ్చు. ఆరోగ్యశ్రీ (ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ) కీమో ఖర్చు మోస్తుంది గానీ, స్థానిక వైద్యుడి చేతిలో ఫైలు లేకపోతే అనుమానం రావడం కష్టం.

డిశ్చార్జి కాగితంలో మందు పేరుతో పాటు మొత్తం ఎన్ని మిల్లీగ్రాములు ఎక్కించారో రాయించుకోవాలి. చిన్నప్పుడు డాక్సోరుబిసిన్ తీసుకున్న అమ్మాయికి పదిహేనేళ్ల తర్వాత గర్భం వస్తే, నంద్యాలలో కాన్పు చూసే డాక్టరు మొదటి మూడు నెలల్లో ఎకో తీయించాల్సి ఉంటుంది. ఆ సంగతి చెప్పేది ఆ కాగితమే.